సవరణ: ‘కరాటే’ మాటకు నేను చెప్పిన అర్థం

విజయనగరంలో అయ్యకోనేరు గట్టున పిల్లలకు కరాటే నేర్పుతూ నాకు తోచిన సంగతులు మొన్న రాశాను. అందులో ‘కరాటే అంటే మొదటి నుంచీ ఒట్టి చెయ్యి అనే అర్థం, ధ్యానం ఆ పేరులోనే పుట్టింది’ అన్నాను. అది తప్పు.

జపాన్‌లోని ఒకినావా దీవిలో ఈ విద్య పేరును మొదట ‘చైనా చెయ్యి’ అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. అందులో ‘కర’ అని పలికేది చైనా తాంగ్ వంశాన్ని సూచించే అక్షరం. అదే పలుకుతో, ‘ఖాళీ’ అని అర్థమిచ్చే వేరే అక్షరం స్థిరపడింది 1930లలో. ఒకినావా నుంచి వచ్చిన కరాటే గురువు గిచిన్ ఫునాకోషి దానికోసం గట్టిగా నిలబడ్డారు. 1936లో ఒకినావా గురువులు కూడా ఒప్పుకున్నారు. బౌద్ధంలో శూన్యతకు వాడే అక్షరం కూడా అదే.

అంటే ధ్యానం ఆ పేరులో పుట్టుకతో లేదు, మనుషులు కోరి తెచ్చిపెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే నాకు ఇదే ఇంకా గొప్పగా అనిపిస్తోంది. పిడికిలి బిగించడంలో ఆరితేరినవాళ్లు ఖాళీ చేతిని పేరుగా ఎంచుకున్నారు! శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల మధ్య నిలబడి ఆ మాట తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇంకొకటి. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి వీరఘట్టం శ్రీకాకుళం జిల్లాలో ఉందని రాశాను. 2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది.

నా మాట నమ్మి పిల్లలకు ఆ పాత అర్థమే చెప్పిన తల్లిదండ్రులు దయచేసి సరిదిద్దండి. రేపు పొద్దున్న సాధనకు ముందు నేనూ ఇదే చెబుతాను.