గెకోలకు కొత్త కాపురాలుండవు

విశాఖలో లెపర్డ్ గెకోలు, అంటే చిరుతలా మచ్చలుండే పెంపుడు బల్లులు, పెంచే కుర్రాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: మగది ఆడదాన్ని కొరికితే కంగారు పడొద్దు, అది ప్రేమే. తోక ఊపితే కోపం, కాసేపటికి తగ్గిపోతుంది. కొత్త కాపురంలో గొడవలు మామూలే, నాలుగు రోజులు ఒకే ట్యాంకులో ఉంచితే సర్దుకుంటాయి. తోక ఊడినా మళ్లీ వస్తుంది.

సీతమ్మధారలో ఉండే మా పిన్ని కొడుకు దీన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. మూడో రోజు పొద్దున్నే ఫోన్. "అన్నయ్యా, తోక ఒక మూల, గెకో ఒక మూల ఉన్నాయి."

కొరకడం ప్రేమే అన్నది సగం నిజం. జత కట్టేటప్పుడు మగది ముందు తోక దగ్గరో పక్కనో పట్టుకున్నా, అక్కడి నుంచి మెల్లగా మెడ దాకా చేరి, మెడ వెనక చర్మాన్ని పట్టి ఆగుతుంది. కొన్ని నిమిషాల్లో వదిలేస్తుంది. చిన్న గాటు పడొచ్చు, అంతే. కాళ్లూ పొట్టా పట్టి గుంజి, వదిలి, మళ్లీ మీద పడుతుంటే అది పోట్లాట. ఆడది అరుస్తూ మూలకి నక్కుతుంటే ఇంక ఆలోచించడానికేం లేదు, విడదీయాలి.

తోక సంగతి మెసేజ్‌లో పూర్తిగా తలకిందులైంది. ఆడదాని వాసన తగిలితే మగది తోక చివరను వేగంగా వణికిస్తుంది. కింద న్యూస్‌పేపరు పరిచి ఉంటే గిలక్కాయలా టపటపా వినిపిస్తుంది. అది కోపం కాదు, ఆహ్వానం. తోకను పైకెత్తి, పిల్లిలా నెమ్మదిగా అటూ ఇటూ ఊపితేనే మనం భయపడాలి.

మావాడి ఇంటికి వెళ్లి చూస్తే, ఆడదాని వేళ్ల దగ్గర తెల్లటి పొర ఇంకా వేలాడుతోంది. కుబుసం విడుస్తోందన్నమాట. లెపర్డ్ గెకో మగది ఎదుటిది ఆడదో కాదో చర్మం మీది రసాయనాలను బట్టే పోల్చుకుంటుంది. కుబుసం విడిచే సమయంలో ఆ గుర్తు చెదిరి, నిన్న పక్కన తిరిగినదాన్నే ఇవాళ మగదనుకుని మీద పడగలదు. ఇందులో ఆడదాని తప్పేం లేదు, మగదాని పిచ్చీ లేదు. ఇంకో సంగతి, జోడీ అని అమ్మినవి రెండూ మగవే అయిన సందర్భాలూ ఉన్నాయి. తోక మొదట్లో కింద తలకిందుల 'వి' ఆకారంలో స్పష్టమైన రంధ్రాల వరుస, దాని వెనక రెండు ఉబ్బులు ఉంటే అది మగది. అలాంటివి రెండు ఒక ట్యాంకులో ఉంటే రక్తం చూడాల్సిందే.

పుట్టుక కూడా కొంత కారణం. గుడ్లను 26 డిగ్రీల దగ్గర పొదిగిస్తే దాదాపు అన్నీ ఆడవే, 32, 33 దగ్గర ఎక్కువగా మగవి, 34 దాటితే మళ్లీ ఎక్కువగా ఆడవి. ఎక్కువ వేడిలో పుట్టిన ఆడవి, 26 దగ్గర పుట్టినవాటి కంటే దూకుడుగా ఉంటాయి.

నాలుగు రోజులు ఉంచడమెందుకో నాకు అర్థం కాదు. ఇవి ఒంటరి జీవులు. ఆడది మగదాని వీర్యాన్ని దాచుకోగలదు కాబట్టి ఒక్కసారి కలిసినా, రెండేసి గుడ్ల చొప్పున చాలాసార్లు పెడుతుంది.

తోక వస్తుంది, నిజమే. కానీ తిండి లేని రోజులకు దాచుకున్న కొవ్వంతా పాత తోకలోనే పోయింది. మావాడి గెకోకి ఇప్పుడు పొట్టి ముల్లంగి లాంటిది మొలిచింది. రెండు ట్యాంకుల మధ్య అట్టముక్క అడ్డం పెట్టాడు. పిన్ని మాత్రం అడుగుతూనే ఉంది, మళ్లీ ఎప్పుడు కలుపుతావురా అని.