వదిలేసినవాడి వాంగ్మూలం

బాస్కెట్‌బాల్‌లో దగ్గర ఎవరూ లేకపోతే బంతి సులువుగా బుట్టలో పడుతుందన్న అపోహ లోకంలో బలంగా పాతుకుపోయింది. అమెరికాలోని బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వారు 2013-14 సీజన్ నుంచి ప్రతి ప్రాంగణంలోనూ కెమెరాలు బిగించి, బంతి వేసే షూటరుకూ అతణ్ణి అడ్డుకునే డిఫెండరుకూ మధ్య ఎడాన్ని కొలిచి, 4 నుంచి 6 అడుగులుంటే ‘ఓపెన్’ అనీ, 6 దాటితే ‘వైడ్ ఓపెన్’ అనీ వర్గీకరించారు. బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్ కోర్టులో ప్రతి ఆదివారం నా చుట్టూ 20 అడుగుల మేర నరసంచారం ఉండదు. ఈ స్థితికి వారింకా పేరు పెట్టవలసి ఉంది.

నా పరిశోధనలో తేలినదేమంటే, గురికి ఏకాంతమే గొడ్డలిపెట్టు. మీదికి ఎవడైనా దూకుతుంటే మనిషి ఆలోచించకుండా వేసేస్తాడు. ఎవరూ రాకపోతే మోచేయి నిటారుగా ఉందా, మోకాలు వంగిందా, మూడో అంతస్తు బాల్కనీలోంచి మా ఆవిడ చూస్తోందా అని తర్కించుకుంటూ నిలబడతాడు. దీనికి మహాసాక్షి ఎన్‌బీఏలో ఆడిన భారీకాయుడు షకీల్ ఓనీల్. ఒంటిమీద ఇద్దరు వేలాడుతుండగా కూడా ఆడిన ఈయన మామూలు షాట్లలో కెరీర్ మొత్తం మీద నూటికి 58 పడ్డాయి. ఎవరూ అడ్డురాని ఫ్రీ త్రోలలో నూటికి 53 కూడా పడలేదు. (అవతలివి చాలావరకు రింగు పక్కనుంచి వేసినవనీ, ఇవి 15 అడుగుల నుంచి వేసినవనీ కొందరు అంటారు. వాదనలో అడుగులు లెక్కపెట్టడం సంకుచితత్వం.)

అనంతపురం నుంచి వచ్చి ఇక్కడే డేటా ఉద్యోగం చేస్తున్న మా బావమరిది మాత్రం ఒప్పుకోలేదు. “వదిలేశాం కాబట్టి పడటం లేదనుకుంటున్నావు బావా, పడదని తెలిసే వదిలేశాం” అన్నాడు. 2015 ప్లేఆఫ్స్‌లో గోల్డెన్ స్టేట్ జట్టు, దూరం నుంచి గురి అంతగా కుదరని మెంఫిస్ ఆటగాడు టోనీ అలెన్‌కు తన ఆటగాడు ఆండ్రూ బోగట్‌ను కాపలా పెట్టినట్టే పెట్టి, అతణ్ణి రింగు దగ్గరే ఉంచేసిందట. దూరం నుంచి గురి తప్పని స్టెఫెన్ కర్రీ లాంటివాణ్ణి అలా వదిలే ధైర్యం ఎవరికీ ఉండదు గనుక, వదిలేసినవాళ్ల లెక్కల్లో నాబోటి వాళ్లే ఎక్కువగా చేరతారట. ఒకే మనిషి షాట్లను కాపలా ఉన్నప్పుడూ లేనప్పుడూ విడదీసి పోల్చి చూస్తేనే ఓపెన్‌గా ఉండటం వల్ల కలిగే లాభం తెలుస్తుందట.

సరే, పోల్చుదామని సవాలు చేసి, నాకొక డిఫెండరును కేటాయించవలసిందిగా లిఖితపూర్వకంగా కోరాను. గత ఆదివారం ఎనిమిదో తరగతి కుర్రవాణ్ణి పెట్టారు. చాలా శ్రద్ధగా, చేతులు చాచి, నా ఎదుటే నిలబడ్డాడు. బంతి నా చేతికి రాగానే నీళ్లు తాగడానికి వెళ్లాడు.