వాడు తప్పు చెబితేనే నేను పాస్

మా ఇంట్లో నా చదువేమిటో ఎవరూ ఒక్క మాటలో చెప్పలేరు. నాన్న "బీఎస్సీ" అని అక్కడితో ఆపేస్తారు. అమ్మ "హోమ్ సైన్స్" అంటుంది, అవతలివాళ్ళు "ఓహో, వంటలూ కుట్లూనా" అంటారు. ఇప్పుడు దాని పేరు కమ్యూనిటీ సైన్స్ అయిందనీ, అందులో నాకు ఇష్టమైనది చైల్డ్ డెవలప్‌మెంట్ అనీ చెప్పబోతే వినే ఓపిక ఎవరికీ ఉండదు. నాయనమ్మది ఒకటే మాట: "పిల్లల్ని ఆడించే చదువు. దానికి నాలుగేళ్ళెందుకే? నేను అయిదుగురిని ఆడించా." ఆ అయిదుగురిలో ఒకరైన మా నాన్నని చూస్తే చిన్నప్పుడు ఎవరైనా ఆడించిన ఆనవాళ్ళేమీ కనబడవు. ఆ సంగతి ఇప్పుడొద్దు.

మూడో ఏడాదిలో మాకు కేస్ స్టడీ ఉంది. ఒక పిల్లాణ్ణో పిల్లనో చూసుకుని, పుట్టినప్పటి బరువు, టీకాల కార్డు మొదలుకుని ఒంటికాలి మీద ఎన్ని గెంతులు గెంతుతారు, ఎన్ని రంగుల పేర్లు చెబుతారు అన్నదాకా అన్నీ రాసి రికార్డు పెట్టాలి. 20 మార్కులు. మా హాస్టల్లో దీనికో సులువైన దారుంది. సీనియర్ల నుంచి తరతరాలుగా చేతులు మారుతూ వస్తున్న రికార్డు ఒకటి. అందులో నాలుగున్నరేళ్ళ రాము ఉంటాడు. ఎత్తు 105 సెంటీమీటర్లు, ఇష్టమైన ఆట బంతాట. ఎన్ని బ్యాచ్‌లు వెళ్ళిపోయినా వాడు మాత్రం ఒక్క సెంటీమీటరు పెరగలేదు. లెక్క ప్రకారం ఈపాటికి వాడికి పెళ్ళయి, వాడి కొడుకు మీద ఎవరో కేస్ స్టడీ రాస్తుండాలి. నేను ఆ రికార్డు ముట్టుకోనని పౌరుషానికి పోయాను. కొంప ముంచింది ఆ పౌరుషమే.

సంక్రాంతి సెలవులకి గుంటూరు వచ్చాను. బ్రాడీపేటలో అపార్ట్‌మెంట్ మాది. మా పై ఫ్లోర్‌లో బుజ్జిగాడున్నాడు. నాలుగేళ్ళ ఏడు నెలలు, ఎల్‌కేజీ. వాళ్ళమ్మని నేను అక్కా అంటాను. అడగ్గానే "దానికేముందమ్మా, తీసుకెళ్ళు" అంది. ఆవిడ టెట్ పాసై డీఎస్సీకి చదువుతోందన్న సంగతి నాకప్పుడు గుర్తు రాలేదు. వచ్చి ఉంటే ఇంకో వీధిలో వెతుక్కునేదాన్ని.

మొదటి రోజు కొలతలు. గోడకి ఆనించి నిలబెడితే 106 సెంటీమీటర్లు, బరువు 17 కిలోలు. "రెండో ఫ్లోర్ వాళ్ళబ్బాయి ఎంతున్నాడు?" అంది అక్క. ఆ అబ్బాయిని నేను తూయలేదన్నాను. "తూచి చెప్పు," అంది.

తర్వాత మనిషి బొమ్మ గీయమన్నాను. పిల్లలు గీసిన మనిషిలో ఏయే భాగాలున్నాయో లెక్కబెట్టి వాళ్ళ ఎదుగుదలని అంచనా వేసే పద్ధతిని ఫ్లోరెన్స్ గుడెనఫ్ అనే ఆవిడ 1926లో పెట్టింది. బుజ్జిగాడు గుండ్రంగా ఒక తల గీసి, ఆ తలకే రెండు కాళ్ళు తగిలించాడు. తోకకప్ప మనిషి! ఇంత వయసు పిల్లలు చాలామంది అలాగే గీస్తారు. పుస్తకంలో చూసిన బొమ్మ కళ్ళెదుట ప్రత్యక్షమయ్యేసరికి నాకు పట్టరాని సంతోషం. ఫోన్ మోగితే బాల్కనీలోకెళ్ళి రెండు నిమిషాల్లో వచ్చాను. ఈలోగా ఆ తలకాయకి మెడ, పొట్ట, గుండీల చొక్కా, అయిదేసి వేళ్ళతో రెండు చేతులు మొలిచాయి. మీసాలు కూడా.

"వాడే గీశాడు," అంది అక్క, స్కెచ్ పెన్ను మూత పెడుతూ.

నాకు అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు.

సాయంత్రం పిల్లలు ఆడుకుంటుంటే గమనించే పని. ఒంటరిగా ఆడుతున్నాడా, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళాడుతున్నారా, కలిసి ఆడుతున్నారా అని మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో చేసిన విభజన ఉంది. గంటసేపు చూసి దాని ప్రకారం టిక్కులు పెట్టాలి. మధ్యలో కలగజేసుకోకూడదు, గోడలా కదలకుండా ఉండాలని మా మేడమ్ మరీ మరీ చెప్పారు. సెల్లార్‌లో కుర్చీ వేసుకుని అంత బాగానూ కూర్చున్నానేమో, పావుగంటలో నన్ను వికెట్లుగా వాడుకోవడం మొదలుపెట్టారు. రెండుసార్లు బౌల్డ్ అయ్యాక కుర్చీ తీసుకుని పైకి వచ్చేశాను. టిక్కు ఏ గడిలో పెట్టాలో తెలియలేదు.

మర్నాడు నీళ్ళ పరీక్ష. టెట్ చదివినవాళ్ళున్న ఇంట్లో పియాజె పేరు తెలియకుండా ఉండదు. స్విట్జర్లాండ్ ఆయన. సొంత పిల్లలు ముగ్గుర్నీ పొత్తిళ్ళలో ఉన్నప్పట్నుంచీ గమనించి సిద్ధాంతాలు రాశాడు. ఆయన పరీక్ష చెప్పుకోడానికి తేలికే. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, సమానమేనా అని అడగాలి. అవునన్నాక, ఒక గ్లాసులో నీళ్ళు వాడి కళ్ళెదుటే పొడుగ్గా సన్నగా ఉన్న గ్లాసులోకి వంపి మళ్ళీ అడగాలి. నాలుగైదేళ్ళ పిల్లలు ఎక్కువమంది పొడుగు గ్లాసులోనే ఎక్కువున్నాయంటారు. ఎత్తు కంటికి ఆనుతుంది, వెడల్పు లెక్కలోకి రాదు. 'పదిలపరచుకునే భావన' ఇంకా రాలేదని తెలుగు బిట్ల పుస్తకాల్లో రాసేది దీన్నే. అంటే పిల్లాడు తప్పు చెప్పాలి. వాడు తప్పు చెబితేనే నా రికార్డు ఒప్పు.

మా ఇంట్లో గ్లాసులన్నీ స్టీలువి. గాజువి చుట్టాల కోసం షోకేసులో ఉంటాయి. పియాజె మనకేం చుట్టమని అమ్మ షోకేసుకి అడ్డం నిలబడింది. బతిమాలి తీసుకున్నాను. నీళ్ళు బాగా కనబడాలని మొదట రస్నా కలిపాను. ప్రయోగం మొదలుకాకముందే అది బుజ్జిగాడి పొట్టలో పదిలపడింది. రెండోసారి పసుపు కలిపాను. నాయనమ్మ తొంగిచూసి "సున్నం వెయ్యలేదేమే? ఎర్రబడితే గానీ దిష్టి పోదు" అని సలహా ఇచ్చి వెళ్ళింది.

వంపాను. అడిగాను. బుజ్జిగాడు పొడుగు గ్లాసు మీద వేలు పెట్టి "ఇందులో ఎక్కువ" అన్నాడు.

"శభాష్‌రా!" అని చప్పట్లు కొట్టాను. సరిగ్గా అప్పుడే అక్క లోపలికొచ్చింది.

"ఏం చెప్పాడు?"

"పొడుగు దాంట్లో ఎక్కువున్నాయన్నాడక్కా. ఎంత చక్కగా చెప్పాడో!"

అక్క మొహంలో కరెంటు పోయింది. "అది తప్పు కదా."

"తప్పేనక్కా. ఈ వయసులో తప్పే చెప్పాలి."

"నాకు తెలుసులేవమ్మా. రెండు నుంచి ఏడేళ్ళు పూర్వ ప్రచాలక దశ. టెట్‌లో ఆ బిట్టు వచ్చింది, కరెక్టే పెట్టాను. అది మామూలు పిల్లలకి. మావాడు ఎల్‌కేజీలో ఫస్టు."

ఎల్‌కేజీలో ఫస్టేమిటని అడగబోయి మానేశాను. మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా పునాది దశ అనీ, ఆటలతోనే చదువు చెప్పాలనీ 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. అక్కకి అదీ తెలుసు. అదీ బిట్టే.

ఆ సంబరంలో నేను "ఎందుకు?" అని అడగడం మర్చిపోయాను. జవాబు కన్నా పిల్లాడు చెప్పే కారణమే పియాజెకి ముఖ్యం, మా మేడమ్‌కి ఇంకా ముఖ్యం. పైగా వీడియో తియ్యమన్నారు. పండగ వెళ్ళాక మళ్ళీ చేద్దామనుకున్నాను. భోగి, సంక్రాంతి, కనుమ, మూడు రోజులూ పై ఫ్లోర్‌లోంచి నీళ్ళు పోసిన చప్పుడు, తీసిన చప్పుడు. పండగ గిన్నెలు కడుగుతున్నారనుకున్నాను.

ముక్కనుమ నాడు ఫోన్ స్టాండుకి పెట్టి వీడియో ఆన్ చేశాను. బుజ్జిగాడు నూనె రాసి పాపిడి తీసిన తలతో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేనింకా గ్లాసు ఎత్తనేలేదు.

"సమానమే," అన్నాడు. "నీళ్ళు కలపలేదు, నీళ్ళు తీయలేదు, మళ్ళీ పోస్తే మళ్ళీ అంతే." రైము చెప్పినట్టు, ఊగుతూ.

నా గుండె జారిపోయింది. ఏడెనిమిదేళ్ళ పిల్లలు చెప్పే కారణాలని పుస్తకంలో ఉంటాయే, అచ్చంగా అవే.

సరే, సంఖ్య మీద చూద్దామని భోగిపళ్ళలో మిగిలిన రేగుపళ్ళు ఆరేసి చొప్పున రెండు వరసలు పేర్చాను. ఒక వరసని ఎడంగా జరిపాను. జరిపిన వరసలో ఎక్కువున్నాయని అనాలి వాడు. "సమానమే" అంటూ అందులోంచి ఒక పండు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఇప్పుడో?" అన్నాను.

తాపీగా నమిలి, గింజని ఉమ్మి, తెచ్చి ఆ ఖాళీలో పెట్టాడు. "సమానమే."

నాకు అనుమానం వచ్చింది. ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి, ఇంకోదాంట్లో ఒక్క చుక్క వేశాను. సమానమే. నీ వయసూ నాయనమ్మ వయసూ? సమానమే. ఈ జవాబు నాయనమ్మకి బాగా నచ్చి వాడి చేతిలో అరిసె పెట్టింది. దాంతో వాడికి ఆ మాట మీద గురి ఇంకా కుదిరింది. మా పుస్తకంలో పియాజె పక్క చాప్టర్ స్కిన్నర్‌ది, బహుమతి దొరికిన పనినే మళ్ళీ మళ్ళీ చేస్తారన్నాయన. ఆయన చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో.

రాత్రి కూర్చుని పుస్తకాలు తిరగేశాను. మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అని ఇద్దరికి 1974లో ఒక అనుమానం వచ్చింది. పెద్దవాళ్ళు ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగేసరికి మొదటి జవాబు తప్పేమోనని పిల్లలు మార్చేస్తున్నారేమో? (లెక్కల మాస్టారు "మళ్ళీ చెప్పు" అన్నాక మారని జవాబు నేనైతే చూడలేదు.) అందుకని వరసని తాము జరపకుండా, అల్లరి టెడ్డీ బేర్ ఒకటి వచ్చి చెదరగొట్టినట్టు నాటకమాడారు. అప్పుడు చాలా ఎక్కువమంది పిల్లలు సరిగ్గా చెప్పారట. పుస్తకం మూసేశాను. పిల్లల చేత ఒప్పు చెప్పించే దారులు ఎంతమందైనా కనిపెట్టారు. నాక్కావాల్సింది తప్పు చెప్పించే దారి.

ఇంకో పిల్లాణ్ణి చూసుకుందామని తెల్లారి బయల్దేరేసరికి కబురు అపార్ట్‌మెంటంతా పాకింది. రెండో ఫ్లోర్ ఆంటీ మెట్ల మీద ఆపింది: "మావాడికీ ఆ గ్లాసుల టెస్టు పెట్టమ్మా. ఫీజెంత?" నాలుగో ఫ్లోర్ ఆవిడ మోడల్ పేపర్ అడిగింది. ఆవిడ కూతురికి రెండేళ్ళు. ఒక తాతగారు నెగెటివ్ మార్కులుంటాయా అని వాకబు చేశారు. ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే ఉన్న పేటలో పెరిగినదాన్ని, ఇది నేనే ముందు ఊహించాలి. ఎవరింట్లోకి తొంగిచూసినా టీపాయ్ మీద మూడు గాజు గ్లాసులు, రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. అయిదు ఫ్లోర్లలోనూ నాలుగేళ్ళవాళ్ళందరూ చేతులు కట్టుకుని సమానమే అంటున్నారు.

చివరికి మిగిలింది వాచ్‌మన్ కూతురు. నాలుగేళ్ళ మూడు నెలలు. పొద్దున అంగన్‌వాడీకి వెళ్తుంది, అన్నం తిని వస్తుంది. కోచింగ్ సెల్లార్ దాకా దిగలేదు. చాప పరుచుకుని కూర్చున్నాం. రెండు గ్లాసులూ చూపించి సమానమేనా అంటే అవునంది. వంపాను. చెయ్యి కాస్త వణికింది, సెలవులు ఆ రోజుతో ఆఖరు మరి.

"ఇప్పుడు?"

ఆ పిల్ల వంగి ఈ గ్లాసు చూసింది, ఆ గ్లాసు చూసింది. పొడుగు దాంట్లో ఎక్కువ అను తల్లీ, నీకు దండం పెడతా, అను.

"పొడుగు దాంట్లో తక్కువ," అంది.

నా రికార్డులో ఉన్న గడులు రెండే, ఎక్కువ, సమానం. "ఎందుకు?" అన్నాను. ఈసారి మర్చిపోలేదు.

"నువ్వు చాప మీద ఒలకబోశావుగా అక్కా."

చూస్తే, నా మోకాలి పక్కనే అరచెయ్యంత పసుపు మరక. 'కేస్ స్టడీకి కావాల్సింది నిశితమైన పరిశీలన' అని రికార్డు మొదటి పేజీలో నా చేత్తోనే రాసుకున్నాను, కింద రెండు గీతలు కూడా గీశాను.

జరిగింది జరిగినట్టే రాసి ఇచ్చాను. మేడమ్ వీడియో చూస్తూ రేగుగింజ దగ్గర ఆపారు. వెనక్కి తిప్పి ఇంకోసారి చూశారు. నవ్వారో లేదో చెప్పలేను, రికార్డు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మీసాల బొమ్మ పక్కన ఎర్ర ఇంకుతో పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. మొత్తానికి 20కి 14. మా బ్యాచ్‌లో రాముకి 18 వచ్చాయి.

ఉగాదికి ఇంటికి వెళ్తే బ్యాగు దించకముందే మెట్ల మీద అక్క ఎదురైంది.

"మార్కులొచ్చాయటగా? ఎన్ని?"

"ఇరవైకి పద్నాలుగక్కా."

"అవి నీవి. మావాడికెన్ని?"

ఏం చెప్పాలో వెతుక్కుంటూ నిలబడ్డాను. అక్క కుచ్చిళ్ళ వెనకనుంచి బుజ్జిగాడు తల బయటపెట్టాడు.

"సమానమే," అన్నాడు.