వాక్యం పూర్తి చేయని చోత్తో గారికి

నిషి కసాయ్, టోక్యో

మహారాజశ్రీ చోత్తో గారికి,

ఉభయ కుశలోపరి. నిఘంటువులో మీ అర్థం 'కొంచెం'. ఉన్నవి రెండే అక్షరాలు. విమానం ఎక్కకముందు నేర్చుకున్న మొదటి పాతిక జపనీస్ మాటల్లో మీరూ ఉన్నారు. 'చోత్తో మత్తే' అంటే కొంచెం ఆగు. ఇంత అమాయకంగా కనిపించే మీరు నా కొంప ముంచుతారని కలలో కూడా అనుకోలేదు.

జపనీస్ మనకి సులువని ఊరంతా చాటింది నేనే. మనలాగే క్రియ చివర్న వస్తుంది, 'గారు' ఉన్నచోట 'సాన్' పెడితే సరి, 'కదా' అనాల్సిన చోట 'నే' అంటే చాలు. గుంటూరు బుర్రకి ఇదెంత పని అనుకున్నాను. క్రియ చివర్న వచ్చే భాషలో ఆ చివరిదాకా వెళ్ళకుండానే పని కానిచ్చేయొచ్చని ఏ మాస్టారూ చెప్పలేదు. వైటూకే రోజుల నుంచీ, అంటే 2000 సంవత్సరం నాటి నుంచీ, ఈ పేటలో కాపురముంటున్న మన కంప్యూటర్ పెద్దలూ చెప్పలేదు.

ఆ మీటింగ్ మీకు గుర్తుండే ఉంటుంది. శుక్రవారానికి కొత్త వెర్షన్ పెట్టేద్దామా అని అడిగాను. క్లయింట్ పెద్దాయన తల పక్కకి వాల్చి, గొడ్డుకారం నాలిక్కి తగిలినట్టు పళ్ళ సందుల్లోంచి 'స్స్స్' అని గాలి పీల్చారు. "కిన్‌యోబి వా... చోత్తో..." అన్నారు. శుక్రవారమైతే కొంచెం. నేను పెన్ను పట్టుకుని మిగతా వాక్యం కోసం కూర్చున్నాను. ఆయన నోట్‌బుక్ మూసేశారు. పక్కవాళ్ళూ మూసేశారు. కొంచెం కష్టపడితే అయిపోతుందని హైదరాబాద్‌కి చెప్పాను. అక్కడ నలుగురు కుర్రాళ్ళు మూడు రాత్రులు నిద్రపోలేదు. శుక్రవారం పొద్దున్నే "అయిపోయిందండీ" అంటే, ఆయన ముఖంలో జాలి కనిపించింది. కుదరదని అప్పుడే చెప్పేశారట!

పైగా నేను మాట్లాడినంతసేపూ ఆయన 'హై, హై', అంటే అవును అవును, అంటూనే ఉన్నారు. అన్నింటికీ ఒప్పుకున్నారని రాసుకున్నాను. అది ఊ కొట్టడమేనట. చిన్నప్పుడు నాయనమ్మ కథ చెబుతుంటే నేనూ ఊ కొట్టేవాణ్ణి. రాకుమారుడు ఏడు సముద్రాలు దాటడానికి నేను ఆమోదం తెలిపానని ఆవిడ ఎవరికీ రిపోర్ట్ పంపలేదు.

మీ చుట్టాలూ తక్కువవాళ్ళు కారు. 'కెంతో షిమాస్' అంటే పరిశీలిస్తాం, అంటే ఫైలు అటకెక్కినట్టే. 'ముజుకషీ' అంటే కష్టం, అంటే ఆశ వదులుకో. చుట్టూ ఉన్న గాలిని చదవడం అని ఇక్కడో విద్య ఉంది. అది రానివాణ్ణి 'కూకి యోమెనై' అంటారు, పొట్టిగా కేవై. 2007లో ఈ పొట్టి మాట దేశమంతా నోళ్ళలో నానింది. నేను అప్పటికి ఇక్కడ లేను కాబట్టి నా గురించి కాదులెండి.

క్యోటోలో అతిథిని "బుబుజుకే తింటారా?" అని అడిగితే, అంటే టీ పోసిన అన్నమన్నమాట, ఇక లేవండి అని అర్థమని చెప్పుకుంటారు. అది విని పడీపడీ నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే, చెప్పులేసుకున్న చుట్టంతో గుమ్మంలో నిలబడి "అయ్యో, భోంచేసి వెళ్ళొచ్చుగా" అనే మా అమ్మ గుర్తొచ్చింది. ఆ మాట నమ్మి చెప్పులు విప్పేసిన ఒక దూరపు బావ కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక అప్పు అడిగినవాళ్ళకి మా నాన్న చెప్పే "చూద్దాంలే" సంగతి మీకు రాయడం దండగ. మీకు అన్నయ్య వరస అవుతుంది.

ఇంతకీ ఈ ఉత్తరానికి కారణం మొన్నటి ఫోను. "మే ఆఖర్లో మావయ్య కూతురి పెళ్ళి. వస్తున్నావుగా?" అంది అమ్మ. నాకు తెలియకుండానే తల పక్కకి వాలింది. 'స్స్స్' అని గాలి లోపలికి పోయింది.

"మే ఆఖరంటే... కొంచెం..."

అటువైపు రెండు క్షణాలు చప్పుడు లేదు.

"రానని చెప్పి ఏడవచ్చుగా! ఎందుకురా ఈ ముసుగులో గుద్దులాట?"

ఇట్లు,
తమ విధేయుడు,
నిషి కసాయ్ కేవై