నీళ్లలో కరిగేదేగా, ఏమవుతుంది!

బి విటమిన్ల విషయంలో మనకో వేదవాక్యం ఉంది: "నీళ్లలో కరిగేదేగా, ఎక్కువైతే ఒంటేలులో పోతుంది." దీన్ని శంకించడం మర్యాద కాదు. మైలుతుత్తం లాంటి విషం కూడా నీళ్లలోనే కరుగుతుంది కదా అని ఎవరైనా అడ్డం తగిలితే, వాళ్లకు సైన్సు మీద గురి లేదని తేల్చేయాలి. పైగా మన దగ్గర రుజువుంది. బిళ్ల వేసుకున్న కాసేపటికే ఒంటేలు పచ్చగా మెరుస్తుంది. అది మిగిలిపోయిన బి2 రంగేనన్న సంగతి పైకి చెప్పకూడదు.

ఇంత గట్టి సిద్ధాంతానికి పరువు తీసింది బి6. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1.3 మిల్లీగ్రాములు, యాభై దాటాక ఇంకాస్త. కానీ 50, 100 మిల్లీగ్రాముల బిళ్లలు దొరుకుతుంటే ఒక్క మిల్లీగ్రాముతో సరిపెట్టుకోవడం పిసినారితనం! యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో రోజువారీ గరిష్ఠ పరిమితిని 25 నుంచి 12 మిల్లీగ్రాములకు దించింది. అమెరికాలో ఇంకా 100 ఉంది కాబట్టి, ఏ దేశపు లెక్క మన సీసాకు అనుకూలంగా ఉంటే ఆ దేశాన్నే గౌరవిద్దాం.

బి6 తమాషా ఏమిటంటే, తక్కువైనా తిమ్మిర్లే, నెలల తరబడి ఎక్కువైనా తిమ్మిర్లే. ముందు కాలివేళ్ల చివర సూదులు గుచ్చినట్టుంటుంది, తర్వాత చేతులకు పాకుతుంది, చీకట్లో అడుగు తడబడుతుంది. భక్తుడు వెంటనే "నరాల బలహీనత" అని నిర్ధారించి రెండో బిళ్ల మొదలుపెడతాడు. అందులోనూ బి6 ఉంటుంది. మల్టీవిటమిన్‌లో ఒకసారి, నరాల మాత్రలో ఒకసారి, మెగ్నీషియం బిళ్లలో చెప్పాపెట్టకుండా ఇంకోసారి. లేబుల్ మీద పైరిడాక్సిన్ అని రాసినా, పైరిడాక్సాల్ ఫాస్ఫేట్ అని రాసినా మనిషి ఒకడే, వేషాలే వేరు. సీసాలన్నీ వరసగా పెట్టి ఆ అంకెలు కూడితే మొత్తం తెలిసిపోతుంది. అందుకే ఎవరూ కూడరు. మానేశాక కూడా కొన్ని వారాలు తిమ్మిర్లు ముదరవచ్చు, తగ్గడానికి నెలలు పట్టవచ్చు. ఆ ముదరడం చూసి "మానేశాను కాబట్టే ఇలా అయింది" అని మళ్లీ మొదలుపెట్టేవారి తర్కానికి తిరుగులేదు.

బి12 పాపం సాధువు. ఆశ లావు, పీక సన్నం దాని కథ: 1000 మైక్రోగ్రాములు మింగితే ఒంటబట్టేది పదీ పన్నెండే. దాని లోటును కనిపెట్టకుండా ఫోలిక్ యాసిడ్ (అదే బి9) దండిగా మింగడం మాత్రం గొప్ప ఉపాయం. రక్తహీనత సర్దుకుంటుంది, నరాలు చాటుగా చెడుతూ ఉంటాయి.

ఇక జుట్టు కోసం బయోటిన్, అంటే బి7. రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, బిళ్లలో 10,000 ఉంటాయి. జుట్టు సంగతి దేవుడెరుగు, రక్తపరీక్షలు మాత్రం తారుమారవుతాయి. లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువ రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే ఈ సంగతి హెచ్చరించింది. పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరు చెబుతారు. అయితే ఆ బిళ్ల వాడుతున్నట్టు ఆయనకు తెలియాలిగా!

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడుగుతారు.

"అబ్బే, మందులేమీ లేవండీ. ఉత్త విటమిన్లే."