పారేయాల్సిన కిడ్నీ కాదది

వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు. చేతిలోకి రెండు లావుపాటి సూదులు. మిగతా రోజుల్లో ఎంత దాహమేసినా గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి. డయాలసిస్ మీద కిడ్నీ కోసం ఎదురుచూసే మనిషి బతుకిది. ఆ మనిషికి హెచ్‌ఐవీ కూడా ఉంటే నిరీక్షణ మరింత భారం. అలాంటివారికి హెచ్‌ఐవీ ఉన్న దాతల కిడ్నీలు పనికొస్తాయని తేలి పదిహేనేళ్లు దాటింది. అయినా దాత రక్తపరీక్షలో ఆ మూడక్షరాలు కనబడగానే అవయవాన్ని వద్దనే నిబంధనలు ఇంకా ఉన్నాయి. వాటిని మార్చి తీరాలని మేము కోరుతున్నాం.

దక్షిణాఫ్రికాలో ఒకప్పటి పరిస్థితి తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లో డయాలసిస్ యంత్రాలు కొద్ది. అవయవ మార్పిడికి అర్హులైనవారికే వాటిని కేటాయించేవారు. హెచ్‌ఐవీ ఉంటే ఆ అర్హత దక్కేది కాదు, అంటే డయాలసిస్ కూడా అందేది కాదు. మరోవైపు, బ్రెయిన్ డెడ్ అయిన హెచ్‌ఐవీ దాతల కిడ్నీలు ఎవరికీ అక్కరకు రాకుండా పోయేవి. కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రిలో సర్జన్ ఎల్మి ముల్లర్ 2008లో ఈ రెంటినీ కలిపారు. ఆ కిడ్నీలను హెచ్‌ఐవీ ఉన్నవారికే అమర్చారు. 27 మంది ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఐదేళ్ల మనుగడ 74 శాతం. దారులన్నీ మూసుకుపోయినవారికి దక్కిన ఆయుష్షు అది.

అమెరికాలో 1988లో ఇలాంటి దానాన్ని చట్టమే నిషేధించింది. అప్పటి భయాన్ని తప్పుపట్టలేం, వైరస్‌ను గట్టిగా అదుపుచేసే మందులు లేని రోజులవి. 1996 నాటికి మందుల కలయికతో చికిత్స వచ్చింది, మరణాలు తగ్గాయి. చట్టం మాత్రం 2013 దాకా కదల్లేదు. అప్పుడు కూడా పరిశోధనలో భాగంగా మాత్రమే అనుమతించింది. 2016లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యులు అక్కడి తొలి శస్త్రచికిత్సలు చేశారు. హెచ్‌ఐవీ ఉన్న 198 మంది కిడ్నీ గ్రహీతలపై జరిగిన అధ్యయనం 2024లో వచ్చింది. వారిలో సగం మందికి హెచ్‌ఐవీ ఉన్న దాతల కిడ్నీలు, సగం మందికి లేనివారివి. మూడేళ్ల మనుగడ వరుసగా 85, 87 శాతం. ఆ ఏడాది చివర్లో కిడ్నీ, కాలేయాలకు పరిశోధన షరతును ఎత్తేశారు. గుండె, ఊపిరితిత్తులకు ఆ షరతు అలాగే ఉంచారు.

ప్రమాదమే లేదని మేము అనడం లేదు. దాతలోని వైరస్ మరో రకమై, మందులకు లొంగనిదైతే గ్రహీతకు కొత్త చిక్కు. అందుకే దాత ఏ మందులు వాడారో, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో ముందే చూడాలి. రిటోనవిర్ లాంటి హెచ్‌ఐవీ మందులు, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు స్థాయిని రక్తంలో అమాంతం పెంచేస్తాయి. డోలుటెగ్రవిర్ అనే మరో హెచ్‌ఐవీ మందుతో ఆ బెడద లేదు. ఇవన్నీ వైద్యులు సరిచూసుకోగల విషయాలే. అన్నీ వివరంగా చెప్పాక సరేనో కాదో తేల్చుకోవాల్సింది రోగి.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఆసుపత్రి వరండాలో జరిగే సంభాషణ. ఐసీయూ బయట కూర్చున్న తల్లికి కొడుకు ఇక లేడని అప్పుడే చెప్పారు. అతనికి హెచ్‌ఐవీ ఉన్నట్టు ఆమెకు తెలియదు. అవయవదానానికి సంతకం అడగాలి. అతను బతికున్నన్నాళ్లూ దాచుకున్న మాట ఆ కాగితం వల్ల బయటపడకూడదు. చట్టం మారినంత మాత్రాన ఈ ఘట్టం సులువు కాదు. ఆ తల్లి ముందు కూర్చునే కౌన్సెలర్‌కు ప్రత్యేక శిక్షణ ఉండాలి. దాత కార్డు ఇచ్చేటప్పుడే, హెచ్‌ఐవీ ఉన్నా దానం చేయవచ్చని, తన వివరాలు ఎవరికి చెప్పవచ్చో తానే నిర్ణయించుకోవచ్చని ఆ మనిషికి చెప్పాలి. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులకు నెలనెలా వచ్చేవారికి ఈ మాట చెప్పడానికి, ఆ మందులిచ్చే కేంద్రాలకన్నా తగిన చోటు లేదు.