పావుకిలో రొయ్యలు

మా అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం ఉంది. పేరుకే సముద్రం, ఉన్నది చెరువు. అసలు సముద్రం చూడాలంటే ఏ దిక్కుకు పోయినా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అలాంటి ఊళ్లో, కొళాయి రోజు మార్చి రోజు వచ్చే వీధిలో, మా బావ హాల్లో 150 లీటర్ల సముద్రం పెట్టాడు. మా మేనకోడలికి తెల్ల చారలున్న నారింజ రంగు చేప కావాలంట. ఆ చేప మంచినీళ్లలో బతకదంట.

సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ లెక్కన తొట్టికి ఐదు కిలోల పైనే కావాలి. "కిరాణా కొట్లో కల్లుప్పు ఉంది గదా" అంది అక్క. కుదరదు. కాల్షియం, మెగ్నీషియం లాంటివన్నీ కొలత ప్రకారం కలిపిన ఉప్పు బెంగళూరు నుంచి రావాలి. దాని ధర బావ నాకొక్కడికే చెప్పాడు, అక్కకు చెప్పొద్దనే షరతు మీద. ఇక నీళ్లు వాటర్ ప్లాంటు నుంచి, ఎనిమిది క్యాన్లు. మోసుకొచ్చిన పిల్లాడు ఇల్లంతా చూసి "ఏం ఫంక్షన్ అన్నా? షామియానా వెయ్యలేదే?" అన్నాడు.

తొట్టి అమ్మిన బెంగళూరు షాపతను ఒకటే మాట చెప్పాడు: ఇప్పుడప్పుడే చేపలు వేయొద్దు, ఒక్క పచ్చి రొయ్య వేసి నెలో నెలన్నరో ఆగండి. రొయ్య కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఆ నైట్రైట్‌ను ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. ముందువి రెండూ చేపకు విషమే, నైట్రేట్‌తో మాత్రం పెద్ద ఇబ్బంది లేదు. చేపలు వచ్చి వాటి పని అవి మొదలుపెట్టేసరికి ఈ బ్యాక్టీరియా కాపురం పెట్టి కుదురుకుని ఉండాలన్నమాట.

బావ పనిచేసేది బ్యాంకులో. ఒక రొయ్యకు నెల పడితే, నాలుగు రొయ్యలకు వారం చాలని లెక్క తేల్చాడు. మార్కెట్లో రొయ్యలమ్మేవాడు పావుకిలోకు తక్కువ తూకం వేయనన్నాడు. తెచ్చాక మిగిల్చి ఏం చేసుకుంటాడు? అసలే శ్రావణమాసం, అక్క ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వదు. ఆమె గుడికి పోయిన సాయంత్రం పావుకిలో రొయ్యలూ తొట్టిలో రాళ్ల వెనక సర్దేశాడు.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి ఆ వాసన బాగా పక్వానికి వచ్చింది. పేరంటానికి వచ్చినవాళ్లు వాయనం కొంగులో కట్టుకుని, ఆ కొంగునే ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. అక్క సాంబ్రాణి మీద సాంబ్రాణి వేసింది. దాంతో సాంబ్రాణి వేసిన రొయ్యల వాసన వచ్చింది. ఎదురింటావిడ పోతూ పోతూ "డ్రైనేజీ ఒకసారి చూపించు తల్లీ" అని మెల్లగా చెప్పింది. మర్నాడు ప్లంబర్ వచ్చాడు. పైపులన్నీ ఊడదీశాడు. మా మేనకోడలి రెండు పెన్నులు, ఒక స్టీలు చెంచా బయటపడ్డాయి. వాసన అట్లే ఉంది. ప్లంబర్ వెంట నిలబడి టార్చిలైటు పట్టుకుంది ఎవరనుకున్నారు? బావే. మనిషికి ఎంత ధైర్యం ఉండాలి!

ఆ సాయంత్రం బావ టెస్ట్ కిట్ తెరిచాడు. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పోసి, చుక్కలు వేసి, ఊపి, ఐదు నిమిషాలు ఆగితే రంగు తేలుతుంది. పసుపు వస్తే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చగా మారేకొద్దీ పెరిగినట్టు. ట్యూబులైటు కింద, కిట్‌తో వచ్చిన రంగు గడుల అట్ట పక్కన పెట్టి చూసి "లేత పచ్చ. ఒకటి, మహా అయితే రెండు" అన్నాడు. నాకెందుకో అంత లేతగా కనిపించలేదు.

అక్క గొట్టం లాక్కుని బాల్కనీలోకి పోయింది. ధర్మవరం పట్టుచీర అంచుకు జాకెట్టు గుడ్డ కుదిరిందో లేదో షాపు మెట్ల మీదకు తెచ్చి ఎండలో చూసే మనిషి ఆమె. ఒక్క చూపు చూసి "ఇది అట్టమీద ఆఖరి గడి. 8" అంది. తర్వాత ఆమెకు అసలు డౌటు వచ్చింది. "తొట్లో చేపే లేదు గదా. ఇంత అమ్మోనియా యాడ్నుంచి వచ్చె?"

బావ పీహెచ్ గురించి, అంటే నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె గురించి మొదలుపెట్టాడు. ఉప్పునీళ్ల పీహెచ్ ఎనిమిది దాటుతుందని, అందులో అమ్మోనియా మంచినీళ్లలో కంటే ఎక్కువ విషమని. చెప్పిందంతా నిజమే. కానీ ఆయన వాక్యం పూర్తి చేసేలోపే అక్క మోచేతి దాకా గాజులు పైకి తోసి, రాళ్ల వెనక చెయ్యి పెట్టింది.

ఆ తర్వాత జరిగిన సంభాషణ శ్రావణమాసంలో రాయదగ్గది కాదు.

రక్షించింది మా నాయన. కళ్యాణదుర్గం దగ్గర శనక్కాయ పండించే మనిషి, ఫోనులోనే సంగతంతా విని నవ్వాడు. "యూరియా అయినా అంతే గదా అల్లుడా. భూమిలో పడి అమ్మోనియా అయితాది, సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్ చేస్తాయి, అప్పుడు పైరుకు బాగా అందుతాది. బిరీన పెరగల్లని మూటకు మూట కుమ్మరిస్తే పైరే మాడిపోతాది. నీ పురుగులకూ అంతే!" బెంగళూరు షాపతను చెప్పిందీ అదే, కాస్త ఇంగ్లీషు కలిపి. అమ్మోనియా మితిమీరితే దాన్ని తినాల్సిన బ్యాక్టీరియానే ఎదగదట. రొయ్యలు తీసేసి, సగం నీళ్లు మార్చి, గాలి పంపు ఆపకుండా, చేతులు కట్టుకుని కూర్చోమన్నాడు.

సగం నీళ్లంటే ఇంకో నాలుగు క్యాన్లు, ఇంకో రెండున్నర కిలోల పైన ఉప్పు. ఈసారి ధర అక్కే అడిగింది. తీసిన నీళ్లు పారబోయడానికి ఆమెకు మనసొప్పలేదు, ఈ ఊళ్లో ఎవరికి ఒప్పుతుంది? కరివేపాకు చెట్టుకు పోస్తానంది. "ఉప్పునీళ్లు పోస్తే చెట్టు చస్తాది" అని నాయన ఫోన్లోంచే అరిచాడు. వాకిలి కడుగుదామంటే ఆ కంపుకు వీధి వీధే ఖాళీ అవుతుంది. చివరికి ప్లంబర్ శుభ్రం చేసిపోయిన డ్రైనేజీలోనే పోసింది, కనీసం దానికైనా డబ్బు గిట్టిందని.

ఆ పూట నుంచి గాజు గొట్టం అక్క చేతికి పోయింది. రోజూ సాయంత్రం బాల్కనీలో పరీక్ష, క్యాలెండర్ మీద అంకె. పచ్చ మెల్లగా పసుపుకు దిగింది. ఆలోగా నైట్రైట్ గొట్టం ఊదా రంగుకు తిరిగింది. "వచ్చింది, వచ్చింది!" అని బావ గంతులేశాడు. "అదీ సున్నా కావల్ల" అని అక్క కూర్చోబెట్టింది. వినాయక చవితి పోయింది, దసరా దగ్గరపడింది. రెండూ సున్నాకు వచ్చాక ఆమె అనుమతిస్తేనే బావ బెంగళూరు బస్సెక్కి, ఆక్సిజన్ నింపిన సంచిలో రెండు చేపల్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు.

చేపలు హుషారుగానే ఉన్నాయి. వచ్చిన మర్నాడు తెల్లారి అక్క లేచేసరికి బావ తొట్టి ముందు మేత డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. మిగిలిన మేత అడుగున కుళ్లితే మళ్లీ అమ్మోనియానే. అక్క డబ్బా లాక్కుని, మూత బిగించి, పసుపు కుంకుమల డబ్బా పక్కన పెట్టి తాళం వేసింది.

"సాయంత్రం గొట్టం పచ్చగా వచ్చిందో, నీకు రాత్రికి సంకటి లేదు."